ఒక్కదాన్నే ఉంటే ఆగిపోయే ఏసీ

నేను మిరపకాయల్ని పరీక్ష చేసి బతికే మనిషిని. కాయ ఎర్రగా ఉంది కాబట్టి కారంగా ఉంటుందని కూడా నమ్మను. పొడి కొట్టించి, కొలిచి చూస్తే తప్ప నాకు తృప్తి ఉండదు. అలాంటిదాన్ని దయ్యాల్నీ ఆత్మల్నీ ఎక్కడ నమ్ముతాను? మా అక్క మస్తానమ్మ దర్గా నుంచి తాయెత్తు తెచ్చిస్తే మర్యాదకి తీసుకునేదాన్ని, కట్టుకునేదాన్ని కాదు. నీకు దేవుడన్నా భయం లేదు, దయ్యమన్నా భయం లేదు, నీతో ఎట్టాగే అని తిట్టేది. నాకు పెట్రోలు ధర చూస్తేనే భయం అనేదాన్ని.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత రాసింది చదివి ఈవిడ మొదటినుంచీ ఆ రకమేలే అనుకుంటారని. కాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. మీకేమైనా అర్థమైతే మంచిదే, నాకైతే కాలేదు.

గుంటూరులో మిర్చి నాణ్యత చూసే ఒక ల్యాబ్‌లో నా ఉద్యోగం. వారంలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాను. కోల్డ్ స్టోరేజీలు, రైతుల కల్లాలు తిరిగి శాంపిళ్ళు తేవాలి. ఒక పాత కారు కొనుక్కుని నేనే నడుపుకుంటాను. బ్రాడీపేటలో మేడమీద రెండు గదుల్లో ఒక్కదాన్నే ఉంటాను. పెళ్లి చేసుకోలేదు. దానికి పెద్ద కథేమీ లేదు. వయసున్నప్పుడు ఇంట్లో మంచాన పడ్డ మనిషి ఉన్నాడు, ఆయన పోయాక అడిగేవాళ్ళు లేరు.

ఆ మనిషి మా నాన్న. దూదేకి పరుపులు కుట్టేవాడు. ఆ దుమ్ముకే ఊపిరితిత్తులు పాడైపోయాయి. అమ్మ అంతకుముందే పోవడంతో నన్ను పెంచిందీ, పట్టుబట్టి చదివించిందీ అక్కే. పర్చూరు దగ్గర పల్లెలో మీరావలి బావతో ఉండేది. వాళ్ళకి పిల్లల్లేరు. ఇంత పెద్ద లోకంలో నా అనుకునే మనిషి అక్క ఒక్కతే.

అక్కకి గుండె జబ్బు. నెలకోసారి నేను వెళ్ళి కారులో గుంటూరు తీసుకొచ్చి, డాక్టరుకి చూపించి, మళ్ళీ ఇంటి దగ్గర దింపి వచ్చేదాన్ని. ఎండ తగలనివ్వొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకే ఆ కారులో ఏసీ అంటే నాకంత పట్టింపు. నా ఒక్కదానికోసమే అయితే నెత్తిన తడిగుడ్డ వేసుకునైనా తిరిగేదాన్ని.

ఆ ఏసీకి కిందటి ఏడు ఎండలు ముదరకముందే రోగం మొదలైంది. గుంటూరులో బయలుదేరినప్పుడు చక్కగా చల్లగా ఉంటుంది. చిలకలూరిపేట దాటేసరికి గాలి అదే వేగంతో వస్తుంది కానీ చల్లదనం ఉండదు. ఇంకాసేపటికి పొయ్యి ముందు కూర్చున్నట్టే. అద్దాలు దించుదామంటే మిర్చి లారీ ఒక్కటి పక్కనుంచి పోయిందా, కళ్ళు మండి రోడ్డు కనిపించదు. ఊళ్ళో ఎంతసేపు తిప్పినా మాత్రం ఏమీ కాదు. దూరం వెళ్ళినప్పుడే ఈ తంతు.

మా వీధి చివర కారు ఏసీలు బాగుచేసే కోటయ్యకి చూపించాను. గుంటూరులో కారుకి ఏ జబ్బు వచ్చినా ముందు మిర్చి ఘాటు మీదకే తోస్తారు. కోటయ్య కూడా అదే అన్నాడు. ఇక్కడ ఏదో ఒకనాడు మిర్చి బస్తా ఎక్కించని కారుండదు, ఆ దుమ్మంతా ఫిల్టరులో పేరుకుంటుందని. నా కారులోనైతే బస్తాలు ఎక్కని రోజు లేదు. ఫిల్టరు ఊడదీసి దులిపేసరికి అతను, నేను, పక్కనున్న జిరాక్స్ షాపు వాళ్ళు, టీ తాగుతున్నవాళ్ళు అందరం ఒకటే తుమ్ములు. మేడమ్, దీంట్లో నూనె పోస్తే నిలవ పచ్చడి అవుద్ది అన్నాడు. కొత్త ఫిల్టరు వేశాడు. రోగం కుదిరిందనుకున్నాం.

మర్నాడు ఒంగోలు వెళ్తుంటే చిలకలూరిపేట దాటాక మళ్ళీ అదే వేడిగాలి.

ఈసారి గ్యాస్ చూశాడు, సరిపడా ఉంది. లీకు కోసం వెతికాడు, లేదు. కూలింగ్ కాయిల్ మీద మంచు కడుతుందేమోనన్నాడు. కడితే గాలి తగ్గాలి, నాకు గాలి తగ్గడం లేదు. చివరికి నేను కూడా వస్తాను పదండి, రోడ్డు మీదే పట్టుకుందాం అన్నాడు. గ్యాస్ ఒత్తిడి చూపించే మీటరు గొట్టాలు బానెట్ సందులోంచి బయటికి లాగి, ముందు అద్దానికి టేపుతో అంటించాడు. అద్దంకి దాకా వెళ్ళి వచ్చాం. ఎండ మండిపోతోంది. కారులో మాత్రం నాకు దుప్పటి కప్పుకోవాలనిపించింది. ఏమండీ, మీరు ఏ కారు గురించి చెబుతున్నారు అన్నట్టు చూశాడు కోటయ్య.

తర్వాత రెండు రోజులకి నేను ఒక్కదాన్నే పొదిలి వెళ్ళాను. చిలకలూరిపేట దాటింది, వేడిగాలి వచ్చింది.

అప్పుడు నా వృత్తి బుద్ధి బయటపడింది. ఎప్పుడు ఆగింది, ఎప్పుడు ఆగలేదు అని వెనక్కి వెళ్ళి ఆలోచించాను. ల్యాబ్ నుంచి ఎవరైనా వచ్చినప్పుడు ఆగలేదు. అక్కని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేటప్పుడు పర్చూరు నుంచి గుంటూరు దాకా ఒక్కసారి కూడా ఆగలేదు. పైగా అక్క కొంగు తలమీదుగా కప్పుకుని, తగ్గించవే, నన్ను కూడా కోల్డ్ స్టోరేజీలో పెట్టావా అని గొణిగేది. ఆమెని దింపి నేను ఒంటరిగా తిరిగొచ్చేటప్పుడు మాత్రం తప్పకుండా ఆగేది. పక్కన ఇంకో మనిషి ఉంటే చల్లగా ఉంటుంది, నేను ఒక్కదాన్నే ఉంటే ఆగిపోతుంది.

ఇదే కోటయ్యకి చెప్పాను. సీటు మీద బరువు ఉంటే కింద ఏదైనా వైరు కదలకుండా ఉంటుందేమో, బరువు లేనప్పుడు వదులవుతుందేమో చూద్దామన్నాడు. మిర్చి బస్తా ఒకటి ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు కూడా పెట్టాం. దారిలో టోల్ గేటు దగ్గర అబ్బాయి బస్తావైపూ నావైపూ మార్చి మార్చి చూశాడు. చిలకలూరిపేట దాటాక బస్తాకీ నాకూ ఇద్దరికీ చెమటలు పట్టాయి.

ఫోన్ స్పీకరులో పెట్టి అక్కతో మాట్లాడుతూ కూడా వెళ్ళి చూశాను. ఆగింది. సంగతి చెబితే అక్క పడీపడీ నవ్వింది.

"నీకు పట్టకపోయినా దానికి పట్టిందేమోనే ఒంటరితనం" అంది.

నాకు కోపం వచ్చింది. వైరు లూజైతే దాన్ని కూడా నా పెళ్ళిదాకా లాగుతావేంటి అన్నాను. వైరో ఇంకోటో, ఒక మనిషిని పక్కన కూర్చోబెట్టుకో అంది. ఎవరిని అని అడిగితే, అన్నం తిన్నావా అని మాట మార్చింది.

కోటయ్య చివరగా ఒక పని చేశాడు. కంప్రెసరుకి కరెంటు వెళ్ళే వైరు నుంచి చిన్న తీగ లాగి, స్టీరింగ్ పక్కన ఒక బుల్లి ఎర్రబల్బు పెట్టాడు. బల్బు వెలుగుతోందంటే కంప్రెసరు తిరుగుతోంది, చల్లగాలి వస్తుంది. ఆరిపోయిందంటే కంప్రెసరు ఆగింది. ఎప్పుడు ఆరిందో గమనించి చెప్పమన్నాడు. గమనించాను. నేను ఒక్కదాన్నే ఉంటే చిలకలూరిపేట దాటాక ఆరిపోతుంది, కాసేపటికి వేడిగాలి మొదలవుతుంది. ఎవరైనా పక్కన ఉంటే ఆరదు. ఇక నావల్ల కాదు మేడమ్, రోడ్డు మీద ఎవరైనా కనిపిస్తే ఎక్కించుకోండి అని చేతులెత్తేశాడు.

అక్క ఉన్నప్పుడు ఆగడం లేదు కదా, నాకు అది చాలు అనుకుని నేను కూడా వదిలేశాను.

మే నెలలో ఒకరోజు పొద్దున ల్యాబ్‌కి తయారవుతుంటే బావ ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, మీ అక్కకి కాస్త సీరియస్‌గా ఉంది. బయలుదేరి రా. ఒక్కదానివే రామాక, ఎవరినన్నా తోడు తెచ్చుకో."

మా వైపు ఫోనులో సీరియస్ అనే మాటకి అర్థం ఏమిటో అందరికీ తెలుసు. దూరంలో ఉన్నవాళ్ళకి చావుకబురు సూటిగా చెప్పరు. దారిలో ఏమవుతారోనని, ముఖ్యంగా బండి నడుపుకుంటూ వచ్చేవాళ్ళయితే, సీరియస్ అనే చెబుతారు. ఇంకెవరి ఇంటి కబురైనా అయితే ఆ మాట వినగానే నేను కూడా అయ్యో పాపం అని ఉండేదాన్ని. మన ఇంటి కబురైతే మాత్రం ఆ మాటనే గట్టిగా పట్టుకుంటాం. సీరియస్ అన్నాడు, పోయిందనలేదు కదా అనుకున్నాను. ప్రాణంతో ఉండగా చేరుకోవాలి, అంతే. అంతకుముందు కూడా రెండుసార్లు ఇలాగే పిలిస్తే వెళ్ళాను, రెండుసార్లూ లేచి కూర్చుంది.

తోడు ఎవరిని తెచ్చుకోను? మెట్లమీద నిలబడి ఫోనులో పేర్లన్నీ చూశాను. ల్యాబ్ వాళ్ళు, రైతులు, స్టోరేజీ గుమాస్తాలు, గ్యాస్ బండ అతను. మా అక్కకి బాగాలేదు, నాతో రండి అని పిలవగలిగే పేరు ఒక్కటి కూడా లేదు. నాకు కష్టం వస్తే నేను పిలిచేది అక్కనే. ఏడుపొచ్చింది. మింగుకుని కారు తీశాను.

చిలకలూరిపేట దాటింది. ఎర్రబల్బు ఆరిపోయింది. అలవాటైపోయింది కాబట్టి ముఖం తుడుచుకునే గుడ్డ ఒళ్ళో పెట్టుకుని వేడిగాలి కోసం సిద్ధంగా కూర్చున్నాను.

వేడిగాలి రాలేదు.

మొదట పెద్దగా పట్టించుకోలేదు. నా ధ్యాసంతా అక్క మీదే ఉంది. పర్చూరు రోడ్డు ఎక్కాను. పత్తి పీకేసిన నల్లరేగడి చేలు నెర్రెలిచ్చి ఉన్నాయి. రోడ్డు మీద నరపురుగు లేదు. చాలాసేపటికి చేతులు చల్లబడ్డాయని తెలిసింది. బల్బు చూశాను, ఆరిపోయే ఉంది. గాలి మాత్రం మంచుముక్క మీదనుంచి వస్తున్నట్టు వస్తోంది. పోనీలే, ఈ ఒక్కరోజన్నా దయ తలిచింది అనుకున్నాను.

అప్పుడు తట్టింది. నేను ఒక్కదాన్నే ఉంటే ఇది చల్లగా ఉండదు. పక్కన ఇంకో మనిషి ఉంటేనే ఉంటుంది.

ఒళ్ళు జలదరించింది. భయంతో అయితే కాదు. అక్క ఈ కారులో ఉందంటే అక్కడ ఇంట్లో లేనట్టే కదా అనిపించింది.

ఛీ, నీ చదువు మండ అని నన్ను నేనే తిట్టుకున్నాను. కారు పక్కకి తీసి ఆపాను. ఇంజను ఆపలేదు. ఏసీ బటన్ నొక్కి ఆఫ్ చేశాను. ఇక బ్లోయరు తిరగడం తప్ప ఇంకేమీ లేదు, బయటి వేడే లోపలికి రావాలి. చల్లగానే వచ్చింది. నావైపు కంటే పక్క సీటు వైపు జాలీలోంచి ఇంకా చల్లగా వచ్చింది. తలుపు తెరిచి కాలు బయట పెట్టాను. తారు రోడ్డు కాలుతోంది. మళ్ళీ లోపల కూర్చుని తలుపు వేసుకున్నాను, అదే చలి. పక్క సీట్లో ఎవరూ కనిపించలేదు. ఏ చప్పుడూ లేదు, ఏ వాసనా లేదు. కల్పించి చెప్పదలుచుకుంటే చాలా చెప్పొచ్చు. ఉన్నది ఆ చల్లదనం ఒక్కటే.

ఎన్నిసార్లు ఆ ఏసీ ఆగకుండా ఉంటే బాగుండునని అనుకున్నానో. ఆ రోజు మాత్రం ఆగిపో, వేడిగాలి రా అని దండం పెట్టుకున్నాను. వేడిగాలి వస్తే నేను ఒక్కదాన్నే ఉన్నట్టు. నేను ఒక్కదాన్నే ఉంటే అక్క ఇంట్లో, మంచం మీద, బతికి ఉన్నట్టు.

రాలేదు. అప్పుడు ఆ ఖాళీ సీటు వైపు తిరిగి పైకే అన్నాను.

"అక్కా, నువ్వే అయితే దిగిపో. ఇంటికెళ్ళిపో. నేను వస్తన్నాగా."

అన్నాక నాకే సిగ్గేసింది. చుట్టూ చూశాను, ఎవరూ లేరు. గేరు వేసి కారు కదిలించాను. కొద్ది దూరం పోయానో లేదో, ముఖానికి వేడిగాలి కొట్టింది. ఏసీ బటన్ మళ్ళీ నొక్కాను, బల్బు వెలగలేదు. రోజూ వచ్చే వేడిగాలే.

ఎంత సంతోషించానో చెప్పలేను. కళ్ళనీళ్ళూ చెమటా కలిసి కారుతుంటే తుడుచుకోనైనా లేదు. ఉంది, అక్క ఉంది అని పైకే అనుకుంటూ ఆ ఉడుకులో పర్చూరు దాటాను. బ్లోయరు ఇంకా పెంచాను.

ఇంటి ముందు షామియానా వేసి ఉంది. ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్న మగవాళ్ళు నా కారు చూసి లేచి నిలబడ్డారు. ఇక నాకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

బావ నా దగ్గరికి వచ్చి, నా ముఖం చూడకుండా చెప్పాడు. తెల్లారకముందే పోయిందట. రాత్రి ఆయాసం వచ్చినప్పుడే అక్కకి తెలిసిపోయిందట. తను పోతే నాకు ఒక్కసారిగా చెప్పొద్దనీ, సీరియస్‌గా ఉందని మాత్రమే చెప్పి పిలిపించమనీ ఆమే అందట. బావ కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"పోయే ముందు కూడా నీ గోలేనమ్మా. అంత దూరం, ఎండలో, అది ఒక్కతే ఎట్టా వస్తదయ్యా అని."

ఆడవాళ్ళు స్నానం చేయించడానికి నా కోసమే ఆగారు. నేను కూడా నీళ్ళు పోశాను. ఎండపొద్దు తిరిగాక తీసుకెళ్ళిపోయారు. ఆ రాత్రి అక్కడే ఉండి, మర్నాడు ఒంటరిగా గుంటూరు వచ్చాను. దారంతా వేడిగాలే.

తర్వాత కోటయ్య దగ్గరికి వెళ్ళాను. అక్క సంగతి కాకుండా, బల్బు ఆరిపోయాక కూడా చల్లగాలి వచ్చిందని మాత్రమే చెప్పాను. కాయిల్‌కి ఉన్న చలితో నాలుగైదు నిమిషాలు వస్తుంది మేడమ్, అంత దూరం ఎట్టా వస్తుంది, పొయ్యి వెలిగించకుండా అన్నం ఉడుకుద్దా అన్నాడు. తీగ సరిగ్గానే ఉందో లేదో చూశాడు. సరిగ్గానే ఉంది. బల్బు మార్చి చూశాడు. అదీ బాగానే ఉంది. చివరికి నన్నే అడిగాడు, ఆ రోజు మీ పక్కన ఎవరున్నారు అని. ఎవరూ లేరన్నాను.

నేను ఇప్పటికీ దయ్యాల్ని నమ్మను. ఒక్కసారి జరిగినదాన్ని రుజువు అనరు, మా ల్యాబ్‌లోనైతే మళ్ళీ చేసి చూపించమంటారు. దుఃఖంలో ఉన్న మనిషి ఒంటికి చలి వేడి సరిగా తెలియవని కూడా అనుకుని చూశాను. కానీ అప్పటికి నాకు దుఃఖం ఎక్కడిది? అక్క బతికే ఉందనే కదా వెళ్తున్నాను. ఏ వైరు ఎక్కడ ఊడి ఎక్కడ తగిలిందో, నేను ఆ మాట అన్నాకే ఎందుకు ఆగిందో నాకు తెలియదు. కారణం దొరకలేదు, దొరుకుతుందన్న ఆశ కూడా లేదు.

దాన్ని భరించగలను. భరించలేనిది ఇంకొకటి ఉంది. ఆ రోజు నిజంగానే ఎవరూ లేకపోతే నేను ఖాళీ సీటుతో మాట్లాడిన పిచ్చిదాన్ని, పోనీ. కానీ ఒకవేళ అక్కే అయితే, నేను ఒక్కదాన్నే రాకూడదని అంత దూరం వచ్చి నా పక్కన కూర్చుంది. ఎండ తగలకూడని మనిషిని, ఇంకా ఊరు రాకముందే, మే నెల మండుటెండలో నడిరోడ్డు మీద దిగిపొమ్మన్నాను. మా అక్క ఎప్పుడూ నా మాట కాదనలేదు. దిగిపోయింది.